విపత్తులో దెబ్బతిన్న కట్టడాల్లో ఆస్బెస్టాస్ ముప్పు అంచనా: మదనపల్లె, పుంగనూరు, కుప్పం

నిప్పంటుకున్న ఇల్లు, నీట మునిగిన ఇల్లు, గాలివానకు కప్పు లేచిపోయిన ఇల్లు ఏదైనా కావచ్చు. అందులో ఆస్బెస్టాస్ కలిసిన సామగ్రి ఎక్కడుంది, ఎంత పగిలింది, దాని పొడి ఎవరెవరి ఊపిరిలోకి చేరే వీలుంది అన్నది తేల్చే పనిని ఆస్బెస్టాస్ ముప్పు అంచనా అంటారు. గోడ నిలబడుతుందా కూలుతుందా అని ఇంజినీరు చేసే పరీక్ష వేరు. పరిహారం కోసం రెవెన్యూ సిబ్బంది రాసుకునే నష్టం లెక్క వేరు. ఆ రెండూ మన ఊళ్లలో ఎంతో కొంత జరుగుతున్నాయి. ఆస్బెస్టాస్ అంచనా ఊసు మాత్రం విపత్తు సహాయ నిబంధనల్లోనే లేదు.

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలను పడమటి మండలాలంటారు. సముద్రమట్టానికి 600 మీటర్లకు పైబడిన ఎత్తులో కర్ణాటక, తమిళనాడు సరిహద్దుల వైపు ఒదిగి ఉన్న ఈ నేలలో సిమెంటు రేకు కనబడని వీధి అరుదు. టమాటా మండీల పంచలు, నీరుగట్టువారిపల్లె మగ్గాల ఇళ్లు, పట్టుపురుగుల షెడ్లు, కోళ్ల ఫారాలు, ఆవుల కొట్టాలు, పాత బడి గదులు, మూతపడిన సినిమా హాళ్లు ఎక్కువగా రేకు కిందే ఉన్నాయి. బోద కప్పు నుంచి మిద్దెకు పోయే దారిలో రేకుల ఇల్లు మధ్య మెట్టు. దాన్ని వేసుకున్నవాళ్లలో చాలామందికి అది బతుకులో మొదటి గట్టి కప్పు. ఆస్బెస్టాస్ గురించి ఏం చెప్పినా ఈ సంగతి మరవకుండా చెప్పాలి.

రేకు వచ్చిన దారి

ఆస్బెస్టాస్‌ను తెలుగులో రాతినార అంటారు. పేరుకు తగ్గట్టే అది రాయి, కానీ దూదిలా పోగులుగా విడిపోతుంది. మంటకు కాలదు, తుప్పుకు చాలావరకు లొంగదు. తెల్లనిది క్రైసోటైల్. నీలిది క్రోసిడోలైట్, గోధుమరంగుది అమోసైట్. ఇవి కాక ట్రెమొలైట్, ఆక్టినొలైట్, ఆంథోఫిలైట్ అనే మరో మూడు ఉన్నాయి. సిమెంటులో ఈ నారను కలిపి పలచని పలకలు తీసే పద్ధతికి ఆస్ట్రియా దేశస్థుడు లుడ్విగ్ హాట్షెక్ 1901లో పేటెంటు పొందాడు. నేటి రేకుల ఫ్యాక్టరీల యంత్రాలకూ ఆయన పేరే నిలిచింది.

ఈ ఖనిజం రాయలసీమకు పరాయిది కాదు. పడమటి మండలాలకు ఉత్తరాన, కడప జిల్లా పులివెందుల చుట్టూ బ్రాహ్మణపల్లె, లింగాల, ఇప్పట్ల ప్రాంతాల్లో డోలమైట్ రాతి పొరల్లోకి డోలరైట్ చొచ్చుకొచ్చిన చోట క్రైసోటైల్ పట్టీలుగా ఏర్పడింది. దేశంలో మేలురకం నారగా దానికి పేరుండేది. ఆరోగ్య కారణాలతో కేంద్ర ప్రభుత్వం 1986లో ఆస్బెస్టాస్ గనులకు కొత్త లీజులను, 1993లో పాత లీజుల పునరుద్ధరణను ఆపేసింది. తవ్వకం ఆగింది గానీ వాడకం ఆగలేదు. రష్యా, కజకిస్తాన్, బ్రెజిల్ వంటి దేశాల నుంచి నార దిగుమతి అవుతూనే ఉంది. హైదరాబాదు సనత్‌నగర్‌లో 1946లో మొదలైన కంపెనీ వల్ల చార్మినార్ రేకు తెలుగునాట ఇంటింటి మాటైంది. తర్వాత పటాన్‌చెరులోనూ, పొరుగున తమిళనాడులోనూ ఫ్యాక్టరీలు వచ్చాయి.

భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 459 ప్రకారం ముడతల రేకు వెడల్పు 1.05 మీటర్లు, మందం 6 మిల్లీమీటర్లు, పొడవు 1.5 నుంచి 3 మీటర్లు. మూడు మీటర్ల రేకు దాదాపు 40 కిలోలు తూగుతుంది. అందులో నార 8 నుంచి 10 శాతం, మిగతాది సిమెంటు, బూడిద, గుజ్జు. అంటే ఒక్క రేకులో మూడు నాలుగు కిలోల రాతినార సిమెంటు పట్టులో బందీగా ఉంటుంది. ఆ పట్టు సడలనంత కాలం దాని కింద పడుకునేవాళ్లకు ముప్పు చాలా తక్కువ. కోత, రాపిడి, పగులు, మంట ఈ నాలుగూ ఆ పట్టును విడదీస్తాయి. విపత్తులో రెండు మూడు ఒకేసారి వచ్చిపడతాయి.

ఊపిరిలో నార

లెక్కలోకి తీసుకునే ఆస్బెస్టాస్ పోగు పొడవు 5 మైక్రాన్లకు మించి, మందం 3 మైక్రాన్లకు లోపు ఉంటుంది. కిటికీలోంచి పడే ఎండపొడలో ఆడే ధూళి కంటికి కనబడుతుంది, ఇది కనబడదు. గాలిలోకి లేస్తే గంటల తరబడి తేలుతుంది. ఊపిరితిత్తుల అడుగుకు దిగినవాటిని దేహం కరిగించలేదు, బయటికి నెట్టలేదు. ఏళ్లు గడిచాక ఊపిరితిత్తి గట్టిపడే ఆస్బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, ఊపిరితిత్తిని కప్పిన పొరకు వచ్చే మీసోథీలియోమా బయటపడవచ్చు. పొగ తాగేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు అనేక రెట్లు పెరుగుతుంది. మీసోథీలియోమా బయటపడడానికి ఇరవై నుంచి యాభై ఏళ్లు పట్టవచ్చు. అన్ని రకాల ఆస్బెస్టాస్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. ఇంతవరకైతే భయం లేదని గీత గీయగల మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

అలాగని ఒకసారి పగిలిన రేకు ముక్క పట్టుకున్నవాళ్లంతా జబ్బున పడతారని కాదు. ఎంత పొడి, ఎన్నిసార్లు, ఎంతకాలం పీల్చారన్నదాన్ని బట్టి ముప్పు పెరుగుతుంది. ఆ లెక్క తేల్చడానికే అంచనా అవసరం. తాగే నీటిలో పడ్డ నార విషయంలో హాని జరుగుతుందనడానికి నిలకడైన ఆధారాలు లేవని ప్రపంచ ఆరోగ్య సంస్థ అభిప్రాయం. కాబట్టి బావిలో రేకు ముక్క పడిందని బావిని పూడ్చనక్కర్లేదు.

మదనపల్లెకు ఊపిరితిత్తుల వైద్యంలో నూరేళ్ల చరిత్ర ఉంది. ఊరికి దగ్గర్లోని ఆరోగ్యవరంలో 1910ల్లో వెలిసిన క్షయ ఆసుపత్రికి డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ నాయకత్వంలో దేశమంతటా పేరొచ్చింది. అందువల్లనేమో ఈ ప్రాంతంలో దీర్ఘకాలం దగ్గు అంటే ముందు క్షయే గుర్తుకొస్తుంది. కుప్పం వైపు గ్రానైట్ క్వారీల్లో పనిచేసేవారికి సిలికా ధూళి వల్ల సిలికోసిస్ వచ్చే ప్రమాదం ఉంది. ఎక్స్‌రేలో క్షయ, సిలికోసిస్ మచ్చలు ఎక్కువగా ఊపిరితిత్తుల పైభాగంలోనూ, ఆస్బెస్టోసిస్ గీతలు అడుగుభాగంలోనూ కనబడతాయి. ఒకే కూలీ క్వారీలోనూ, శిథిలాల పనిలోనూ ఉన్నట్టయితే డాక్టరుకు ఆ రెండు సంగతులూ తెలియాలి.

గాలి, నిప్పు, నీరు

పడమటి మండలాల్లో ఏటేటా రేకులను దెబ్బతీసేది ఏప్రిల్, మే నెలల గాలివాన. వడగండ్లు, ఈదురుగాలి కలిసి వచ్చినప్పుడు రేకు ముందుగా హుక్కు బోల్టు బెజ్జం దగ్గర చీలుతుంది. పాత రేకులో అక్కడ అప్పటికే సన్నని పగులు ఉంటుంది. గాలి పంచ కిందికి దూరి పైకి ఎత్తగానే బోల్టు అలాగే నిలబడి రేకు ఊడిపోతుంది. పక్కింటి గోడకు తగిలి, వీధిలో పడి, ముక్కలవుతుంది. కాబట్టి గాలివాన తర్వాత పరిశీలన కప్పు లేచిన ఇంటితో ఆగకూడదు. గాలి పోయిన దిక్కున ముక్కలు ఎంతదూరం పడ్డాయో చేలల్లో, కాలువల్లో, బడి ఆవరణలో నడిచి చూడాలి. కోస్తాలో 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నంలో ఇదే పనిని ఊరంతటి స్థాయిలో చేసింది.

నిప్పు సంగతి వేరు. రేకుల ఇల్లు తగలబడుతున్నప్పుడు కప్పు టపాకాయల్లా పేలడం చూసినవాళ్లకు తెలుసు. సిమెంటులో ఉన్న తేమ ఆవిరై దారి దొరక్క పలకను లోపలి నుంచి చీల్చేస్తుంది. ముక్కలు చాలా దూరం ఎగిరిపడతాయి, కొంత పొడి పొగతో లేస్తుంది. క్రైసోటైల్ స్ఫటిక నిర్మాణం 550 నుంచి 800 డిగ్రీల మధ్య చెదిరిపోతుంది. ఇంకా వేడెక్కితే అది ఫోర్‌స్టెరైట్ అనే వేరే ఖనిజంగా మారుతుంది. ఇది చదివి, మంటలో కాలిన రేకు ప్రమాదరహితం అనుకునేవారున్నారు. ఆ మాట నమ్మదగ్గది కాదు. ఇంటి మంటలో కప్పు మొత్తం ఒకే వేడికి చేరదు, చేరినా అంతసేపు నిలవదు. ఎక్కువ ముక్కలు పూర్తిగా కాలకముందే పేలి నేల రాలతాయి. కాలిన ముక్కలో సిమెంటు పట్టు పోయి చేత్తో నలిపితే పొడయ్యే స్థితికి వస్తుంది. అంటే నార కొంత చచ్చినా, బతికిన నార మునుపటి కన్నా సులువుగా బయటపడుతుంది. ఫైరింజన్ నీళ్లు ఆ బూడిదను కాలువలోకి, వీధిలోకి మోస్తాయి. అది ఆరాక మళ్లీ లేస్తుంది.

2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయాయి. ప్రభుత్వం విచారణ జరిపించింది, పత్రికలు వారాల తరబడి రాశాయి. అందరి దృష్టీ కాగితాల మీదే నిలిచింది, అది సహజం. అయితే కాలిన కార్యాలయం ఏదైనా సరే, బూడిదలోకి ఆధారాల కోసం దిగే పోలీసు, ఫోరెన్సిక్ సిబ్బంది, ఆ తర్వాత బూడిద ఎత్తే పారిశుద్ధ్య కార్మికురాలు పీల్చేది ఒకే గాలి. కప్పు, పార్టిషన్లు, పాత విద్యుత్ బోర్డుల వెనక పలకలు, పైపులు దేనితో చేసినవో వాళ్లు అడుగు పెట్టకముందే చూసి చెప్పడం అంచనా వేసేవారి పని.

వరద మొదట మేలు చేసినట్టే కనిపిస్తుంది, తడిసిన నార లేవదు కనుక. హాని ఎండ కాశాక మొదలవుతుంది. 2021 నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట మండలంలో పులపత్తూరు, మందపల్లె, తొగూరుపేట, గుండ్లూరు గ్రామాలు కొట్టుకుపోయాయి. చెయ్యేరులో కలిసే బాహుదా నది మదనపల్లె వైపు నుంచే పారుతుంది. పైనున్నవాళ్ల వాన కిందివాళ్లకు వరదైన ఆ రోజుల్లో ఇళ్ల సామాను, రేకుల ముక్కలు, ఇసుక ఒకే మేటగా పరుచుకున్నాయి. అలాంటి మేటను ఎండాక ట్రాక్టరు బ్లేడుతో నెట్టడం, చీపురుతో ఊడవడం చేస్తే తడిలో అణిగిన పొడి అంతా లేస్తుంది.

ఇక్కడి నేత ఇళ్ల గురించి ఒక సంగతి విడిగా చెప్పుకోవాలి. గుంత మగ్గం దగ్గర నేసేవారు కాళ్లు గుంతలో పెట్టి కూర్చుంటారు. కప్పు పగిలి వాన లోపలికి కొడితే నీళ్లు, మట్టి, ముక్కలు ముందు చేరేది ఆ గుంతలోకే. నీళ్లు తోడేసి ఆరనిస్తే అడుగున మెత్తని పొర మిగులుతుంది. రోజంతా తొక్కుడుచెక్కలు ఆడే చోట అది పాదాల కింద నలుగుతూ మొహం వైపు లేస్తుంది. గుంతను తడిగా ఉండగానే తడిగుడ్డతో శుభ్రం చేసి, ఆ మట్టిని కూడా శిథిలాలతో పాటు లెక్కలో చేర్చాలి.

అంచనా ఎలా వేస్తారు

భవనంలోకి వెళ్లడానికి ముందే సగం పని అయిపోవాలి. కప్పు ఎప్పుడు వేశారు, ఏ రేకు తెచ్చారు, మరమ్మతులు ఎప్పుడు జరిగాయి అన్నది ఇంటి పెద్దను, మేస్త్రీని, బడి అయితే హెడ్మాస్టరును అడగాలి. ఆ తర్వాత బయటి నుంచి చూడాలి. రేకు మీదికి ఎవరినీ ఎక్కనివ్వకూడదు. పాత సిమెంటు రేకు విరిగి మనిషి కిందపడడం ఆస్బెస్టాస్ జబ్బుల కన్నా చాలా ముందే ప్రాణం తీసే ప్రమాదం.

జింకు రేకునూ, రంగు పూత రేకునూ చప్పుడుతోనే గుర్తుపట్టవచ్చు. ఆస్బెస్టాస్ లేకుండా చేసిన ఫైబర్ సిమెంటు రేకుకూ ఆస్బెస్టాస్ రేకుకూ తేడా కంటితో చెప్పడం కష్టం. విరిగిన అంచున తెల్లని పీచు కనబడితే అనుమానం బలపడుతుంది, అంతే. పరీక్షలో లేదని తేలేదాకా ఉందనుకుని మసలుకోవడం మేలు. వాననీటి గొట్టాలు, పాత ఏసీ (ఆస్బెస్టాస్ సిమెంటు) పైపులు, నీళ్ల తొట్లు, పాత బాయిలర్ల చుట్టు కట్టు, పొయ్యి తలుపుల తాడు కూడా చూడాలి. బాయిలర్ కట్టు వంటివి రేకు కన్నా ప్రమాదకరం. వాటిలో నార శాతం ఎక్కువ, వేలితో నలిపితేనే రాలుతుంది.

నమూనా తీయాలంటే ఆ చోటును తడిపి, గోరంత ముక్క తీసి, రెండు జిప్ కవర్లలో మూసి, చోటు, తేదీ రాయాలి. ప్రయోగశాలలో ధ్రువిత కాంతి సూక్ష్మదర్శినితో నార రకాన్ని తేలుస్తారు. గాలిలో ఎంతుందో కొలవడానికి పంపుతో గాలిని వడపోత పొర మీదికి లాగి పోగులు లెక్కపెడతారు. అమెరికాలో కార్మికుడి ఎనిమిది గంటల సగటు పరిమితి ఘన సెంటీమీటరు గాలికి 0.1 పోగు. శుభ్రం చేశాక గదిని తిరిగి అప్పగించడానికి అక్కడా, బ్రిటన్‌లోనూ సాధారణంగా చూసేది 0.01. మనదేశంలో ఈ రంగంలో చిరకాలంగా పనిచేస్తున్నది అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ. ప్రతి పల్లె ఇంటికీ ల్యాబు పరీక్ష జరగదు. అందుకే నాలుగు ప్రశ్నలకు అక్కడికక్కడే జవాబు రాసుకోవడం అసలైన అంచనా: ముక్క గట్టిగా ఉందా, నలిగిపోతోందా? తడిగా ఉందా, ఎండిందా? ఎంతమంది, ముఖ్యంగా ఎంతమంది పిల్లలు, రోజూ దాని పక్కన తిరుగుతున్నారు? రేపు ఆ ముక్కల్ని ఎవరు, దేనితో ఎత్తబోతున్నారు?

నాలుగో ప్రశ్నే నా దృష్టిలో పెద్దది. దాని జవాబు పరిహారం లెక్కతో ముడిపడి ఉంది. 2022-26 విపత్తు సహాయ నిబంధనల ప్రకారం కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500 రూపాయలు, కచ్చా ఇంటికి 4,000, పశువుల కొట్టానికి 3,000 ఇవ్వాలని నిర్ణయించారు. గ్రామ సచివాలయం నుంచి ఇంజినీరింగ్ అసిస్టెంటు, వీఆర్వో వచ్చి ఫొటో తీసుకునేదాకా ఇంటివాళ్లు శిథిలాలను కదపరు, ఫొటో అవగానే ఊడ్చేస్తారు. ఆ రెంటి మధ్య దొరికే వ్యవధిలోనే అంచనా జరగాలి. అదే మనిషి అదే ఫారంలో కప్పు రకం, పగిలిన రేకుల సంఖ్య, ముక్కల స్థితి రాసుకుంటే కొత్తగా ఏ శాఖా పెట్టనక్కర్లేదు.

ఎత్తడం, పారేయడం

ఎత్తేటప్పుడు తడి ఆరనివ్వకూడదు. జెట్ పంపు వాడితే పొడి చిమ్ముతుంది. టమాటా రైతుల ఇళ్లలో వీపుకు తగిలించుకుని మందు కొట్టే పంపు ఉంటుంది. మందు పోయేలా బాగా కడిగి, నీళ్లలో కాస్త సబ్బు కలిపి సన్నని జల్లుగా కొడితే చాలు. ముక్కలను మరింత విరగ్గొట్టకుండా చేతితో ఎత్తాలి. మూతికి తువ్వాలు, గుడ్డ మాస్కు ఈ పోగును ఆపలేవు. ఎఫ్‌ఎఫ్‌పి3 లేదా పి100 రకం మాస్కు కావాలి. పని బట్టలను ఇంట్లో బట్టలతో కలిపి ఉతకకూడదు. చుట్టడానికి మడులకు పరిచే మల్చింగ్ షీటు పనికిరాదు, దాని మందం 25, 30 మైక్రాన్లే. 800 గేజి, అంటే 200 మైక్రాన్ల పాలిథీన్ రెండు పొరలుగా కావాలి.

మిగిలిన ముక్కలతో స్నానాల దొడ్డికి అడ్డం కట్టడం, కోళ్లగూడు కప్పడం, నలగ్గొట్టి గచ్చు కింద నింపడం ఇక్కడ మామూలు. పేదరికంలో ఏదీ పారేయబుద్ధి కాదు. అంచులు విరగని పూర్తి రేకును తిరిగి వాడితే వాడారు గానీ, గ్రైండరుతో కోయడం, నలగ్గొట్టడం మాత్రం కూడదు. ఎండాకాలం చల్లదనానికి రేకు మీద సున్నం కొట్టేముందు ఇనుప బ్రష్షుతో నాచు గీకడం కూడా అలాంటిదే. నాచును తడిపి మెత్తగా తుడిచి, పైన పూత వేస్తే నార బయటపడకుండా పట్టి ఉంచుతుంది.

ఆస్బెస్టాస్ వ్యర్థాల పారవేతకు 1986లోనే ఐ.ఎస్. 11768 అనే ప్రమాణం వచ్చింది. తెల్ల ఆస్బెస్టాస్ వాడకంపై మాత్రం దేశంలో నిషేధం లేదు. నిషేధం కోరిన కళ్యాణేశ్వరి కేసును సుప్రీంకోర్టు 2011 జనవరిలో అంగీకరించలేదు. కేరళలో బడుల పైకప్పుల నుంచి ఆస్బెస్టాస్ తీసేయాలని ఆ రాష్ట్ర మానవ హక్కుల సంఘం 2009లోనే సూచించింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రం విశాఖ దగ్గర పరవాడలో ఉంది. కుప్పం నుంచి అది వందల కిలోమీటర్ల దూరం. ఒక పల్లెలోని పది రేకుల ముక్కలను అక్కడికి పంపే బాడుగ ఎవరు భరిస్తారు? మున్సిపాలిటీలు తమ చెత్త యార్డుల్లో ఒక మూలను వేరుచేసి, మూటలను పగలకుండా పేర్చి, మట్టి కప్పి, ఆ చోటును పటంలో గుర్తించడం ఆచరణలో సాధ్యమైన మార్గం.

జపాన్‌లోని కోబె నగరంలో 1995 జనవరి 17 భూకంపం తర్వాత శిథిలాలు తొలగించినవారిలో కొందరికి ఏళ్లు గడిచాక మీసోథీలియోమా వచ్చింది. వాళ్లు ఏ వీధిలో ఎన్నాళ్లు పనిచేశారో చెప్పగలిగినప్పుడే అది వృత్తి వల్ల వచ్చిన జబ్బుగా గుర్తింపు, పరిహారం దొరికాయి. మన సుప్రీంకోర్టు 1995 జనవరి 27న వినియోగదారుల విద్యా పరిశోధన కేంద్రం కేసులో ఆస్బెస్టాస్ పరిశ్రమ కార్మికుల ఆరోగ్య రికార్డులను ఉద్యోగంలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానిన తర్వాత 15 ఏళ్లు, వీటిలో ఏది ఆలస్యమైతే అప్పటిదాకా భద్రపరచాలని ఆదేశించింది. ఆ తీర్పు ఫ్యాక్టరీ గేటు లోపలివాళ్ల గురించి. గాలివాన మర్నాడు మూడు రోజుల కూలికి రేకుల ముక్కలు ఎత్తడానికి వచ్చిన ఆడమనిషి పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు. అంచనా నివేదిక చివరి పేజీలో ఆమె పేరు, వయసు, పనిచేసిన తేదీలు, ఎత్తిన రేకుల లెక్క రాసి, ఒక నకలు ఆమె చేతికి, ఇంకొకటి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఇవ్వాలి.